హెల్త్‌లో రిసెర్చ్ మాస్టర్స్: సీటు కంటే ముందు ప్రశ్న ఉండాలి

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు ఉంటది, ముందే చెప్తున్న. బైపీసీ చదివి, నీట్‌లో ర్యాంకు రాక, నర్సింగో, బీఫార్మసీయో, ఫిజియోథెరపీయో, బీఎస్సీయో పూర్తి చేసి "ఇప్పుడేం చేయాలె?" అని కూర్చున్న వాళ్ళ కోసం ఇది. బీటెక్ చేసి హెల్త్ వైపు రావాలనుకునే వాళ్ళకి కూడా పనికొస్తుంది.

కొత్తగా చూస్తున్న వాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. మాది కేసముద్రం. పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మార్కెట్ యార్డు, రైల్వే స్టేషను, ఈ రెండింటితోనే మా ఊరు బయటివాళ్ళకు తెలుసు. బీటెక్ చేసిన, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన, ఇప్పుడు వీడియోలు చేస్తున్న. నేను డాక్టర్ని కాదు, ప్రొఫెసర్ని కాదు. కానీ కొన్ని నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ ఇదే. అందుకే రూల్సు చదివిన, చదువుతున్న వాళ్ళతో మాట్లాడిన. తెలిసినంత మీకు చెప్తున్న.

మొదట బేసిక్స్. మాస్టర్స్‌లో రెండు రకాలు ఉంటాయి. ఒకటి కోర్స్‌వర్క్ మాస్టర్స్. క్లాసులు, పరీక్షలు, చివర్లో ఒక చిన్న ప్రాజెక్టు. రెండోది రిసెర్చ్ మాస్టర్స్. ఇందులో క్లాసులు తక్కువ. ఒక ప్రశ్న పట్టుకుని, ఒక గైడ్ దగ్గర పనిచేసి, డేటా తెచ్చి, థీసిస్ రాసి, దాన్ని నలుగురి ముందు నిలబెట్టుకోవాలి. మార్కులన్నీ దాదాపు ఆ థీసిస్ మీదే. బ్రిటన్‌లో దీన్ని ఎంరెస్ అనో, మాస్టర్స్ బై రిసెర్చ్ అనో అంటారు. కెనడాలో థీసిస్ బేస్డ్ మాస్టర్స్ అంటారు. మన ఐఐటీ మద్రాసులో ఎంఎస్ బై రిసెర్చ్ అని ఉంది.

మన దేశంలో హెల్త్ కోర్సులు చాలావరకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఎమ్మెస్సీ నర్సింగ్ తీసుకోండి, డిసర్టేషన్ తప్పదు. ఎంఫార్మసీలో రెండో ఏడాది ఎక్కువగా ప్రాజెక్టే. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసేవాళ్ళు కూడా థీసిస్ రాయాల్సిందే. ఎంపీహెచ్, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, క్లాసులు ఎక్కువున్న కోర్సు, కానీ చివర్లో రిసెర్చ్ ఉంటుంది. అంటే బోర్డు మీద "రిసెర్చ్" అనే పేరు లేకపోయినా లోపల రిసెర్చ్ ఉండొచ్చు. పేరులో ఉండి లోపల ఏమీ లేకపోవచ్చు కూడా.

ఇంకొక మాట. మీకు ఎవరైనా పెద్దవాళ్ళు "ఎంఫిల్ చెయ్యి బిడ్డా" అని చెప్తే, ఆ సలహా పాతది. 2022లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి ఎంఫిల్‌ని ఆపేసింది. క్లినికల్ సైకాలజీ లాంటి ఒకటి రెండు కోర్సులకు మాత్రం కొన్నాళ్ళు గడువు పొడిగించింది. కాబట్టి పీహెచ్‌డీకి ముందు రిసెర్చ్ ఎట్లుంటదో రుచి చూడాలంటే ఇప్పుడు మిగిలింది ఎక్కువగా మాస్టర్సే.

సరే, ఇప్పుడు మా ఇంటి పంచాయితీకి వద్దాం. మా బాబాయ్ బిడ్డ, నాకు చెల్లె అవుతది. బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఇంటికే వచ్చి కూర్చున్నరు. "అంకుల్, నర్సింగ్ వాళ్ళకి యూకేలో హెల్త్ సైన్సెస్‌లో మాస్టర్స్ బై రిసెర్చ్ మస్తు బాగుంటది. పెళ్ళయితే అల్లుడు గారిని కూడా డిపెండెంట్‌గా తీసుకపోవచ్చు" అన్నరు. ఫీజు, ఖర్చులు అన్నీ కలిపి ముప్పై లక్షల దాకా లెక్క చెప్పిన్రు. బాబాయ్ నాకు ఫోన్ చేసి, "ఏమంటవ్ రా? ఎకరం తీసేద్దామా?" అన్నడు. ఎకరం అంటే మీకు తెలుసు కదా. మా దగ్గర ఎకరం అంటే మక్క, మిర్చి, పిల్ల పెళ్ళి, ముసలితనం అన్నీ అదే.

నేను చెల్లెకు ఫోన్ చేసి ఒకటే అడిగిన. "అక్కడికి పోయి దేని మీద రిసెర్చ్ చేస్తవ్?"

"వాళ్ళే ఏదో ఒకటి ఇస్తరట అన్నా. ప్రపోజల్ కూడా కన్సల్టెన్సీ వాళ్ళే రాసిస్తరట."

అప్పుడే నాకు అర్థమైంది, వాళ్ళు అమ్ముతున్నది చదువు కాదు, వీసా. ఎందుకో చెప్తా. 2024 జనవరి 1 తర్వాత మొదలయ్యే కోర్సులకు బ్రిటన్ ఒక రూల్ పెట్టింది. మామూలు మాస్టర్స్ చేసే విదేశీ విద్యార్థులు భర్తనో, భార్యనో, పిల్లల్నో డిపెండెంట్లుగా తీసుకెళ్ళడానికి లేదు. పీహెచ్‌డీ వాళ్ళకి, రిసెర్చ్ ఆధారంగా నడిచే పై డిగ్రీల వాళ్ళకి ఉంది. రిసెర్చ్ ఆధారం అంటే ఏంటో కూడా రూల్‌లో రాసి పెట్టారు. విద్యార్థి పెట్టే శ్రమలో రిసెర్చ్ వాటా క్లాసుల వాటా కంటే ఎక్కువ ఉండాలి, సొంతంగా కొత్త పని చూపించాలి. రూల్ రాసింది రిసెర్చ్ చేసేవాళ్ళ కోసం. దాన్ని పట్టుకుని కొంతమంది ఏజెంట్లు రిసెర్చ్ అనే మాటనే అమ్ముడు సరుకు చేసిన్రు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో చూడండి. క్లాసుల కోర్సయితే పరీక్షలకు చదివి గట్టెక్కొచ్చు. రిసెర్చ్ కోర్సులో రోజూ ఎవరూ పాఠం చెప్పరు. ప్రశ్న మీది కాదు, ప్రపోజల్ మీరు రాయలేదు, గైడ్‌తో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అక్కడికి వెళ్ళాక మూడో నెలలో గైడ్ "నీ రిసెర్చ్ క్వశ్చన్ ఏంటి?" అని అడుగుతారు. అప్పుడు ఆ కన్సల్టెన్సీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఏం ఉపయోగం? ఎకరం పోయి ఉంటది, ఏడాది కూడా పోతది.

కానీ ఆ ఫోన్‌లోనే చెల్లె ఇంకొక మాట అన్నది. అది నేను ఊహించలేదు. "అన్నా, నాకైతే ఒక విషయం బుర్రల నుంచి పోతలేదు. ట్రైనింగ్‌ల పీహెచ్‌సీకి పోయినప్పుడు గర్భిణీలకు ఐరన్ గోలీలు ఇచ్చేది. ఎంతమందికి ఇచ్చినమో రిజిస్టర్ల రాసేది. కానీ మింగిన్రా లేదా అని ఏ రిజిస్టర్ల లేదు. నెల తర్వాత వస్తే రక్తం అంతే ఉంటది. ఒకామె ఛాయ్‌తోని వేసుకుంటున్న అన్నది. ఇంకొకామె కడుపుల తిప్పుతుందని అటక మీద పడేసిన అన్నది. మనం ఇచ్చిన గోలీలల్ల ఎన్ని కడుపులకు పోయినయో ఎవ్వరికన్నా తెలుసా?"

ఫ్రెండ్స్, ఇదే రిసెర్చ్ క్వశ్చన్. ఆమెకు ఆ సంగతి తెలియదు అంతే.

ఎందుకు మంచి ప్రశ్న అంటున్నానో వినండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం. అంతకుముందు విడతతో పోలిస్తే తగ్గలేదు, పెరిగింది. మరి గోలీలు లేవా అంటే ఉన్నాయి. అనీమియా ముక్త్ భారత్ కింద గర్భిణీకి రోజుకు ఒకటి చొప్పున కనీసం 180 రోజులు ఇవ్వాలి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. మందు ఉంది, పథకం ఉంది, ఆశా కార్యకర్త ఉంది. అయినా రక్తం పెరగట్లేదంటే మధ్యలో ఎక్కడో ఏదో తెగిపోతున్నది. ఛాయ్‌లో ఉండే టానిన్లు ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయని సైన్సుకు ఎప్పటినుంచో తెలుసు. కానీ మన మండలంలో ఎంతమంది ఛాయ్‌తో వేసుకుంటున్నారు? ఎంతమంది అసలే వేసుకోవట్లేదు? వేసుకోనివాళ్ళు ఎందుకు మానేస్తున్నారు? ఢిల్లీలో కూర్చుంటే దీనికి జవాబు దొరకదు. తలుపు తట్టాల్సిందే.

ఆ గోలీలో ఉన్న ఫోలిక్ యాసిడ్ వెనక కూడా మన తెలుగాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి బతికి బయటపడ్డాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేశాడు. ఖర్చులకు ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశాడు. తర్వాత బయోకెమిస్ట్రీ వైపు వెళ్ళి 1930లో పీహెచ్‌డీ తీసుకున్నాడు. 1940లలో లెడర్లే కంపెనీలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారు చేసింది. అది స్ప్రూకి కూడా పనిచేసింది. తన ఇంట్లో ఇద్దర్ని మింగిన జబ్బుకి జవాబు దొరకడానికి పాతికేళ్ళ పైనే పట్టింది.

మనమందరం సుబ్బారావులం అయిపోతామని ఈ కథ చెప్పట్లేదు. ప్రశ్న ఇంట్లో నుంచి వచ్చినా అది పనికిమాలిన ప్రశ్న కాదు అని చెప్తున్న.

ఇంకా దగ్గరికి వద్దాం. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్ఐఎన్. ఇది 1918లో తమిళనాడు కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని చిన్నగా మొదలైంది. 1950ల చివర్లో హైదరాబాద్ వచ్చింది. జొన్న అన్నమే తినే పేదల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి ఎందుకొస్తుందని గోపాలన్, శ్రీకాంతియా అనే ఇద్దరు ఇక్కడ అడిగారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ దానికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత వాదనలు జరిగాయి, అది వేరే సంగతి. మన పిల్లలకు చెంచాతో పోసే విటమిన్ ఏ మందు తెలుసు కదా? 1970లో దేశమంతా మొదలైన ఆ కార్యక్రమం వెనక కూడా ఈ సంస్థ చేసిన పనే ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో ఒక స్టడీ జరిగింది. అప్పటికి కొన్ని ఊళ్ళకు అంగన్‌వాడీ పథకం వచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. పథకం ఉన్న ఊళ్ళలో గర్భిణీలకు, చిన్నపిల్లలకు రోజూ అదనంగా తిండి పెట్టారు. స్టడీ అయిపోయింది, కాగితాలు మూలన పడ్డాయి. 2003లో పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకే వెళ్ళారు. అప్పుడు పుట్టిన పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యారు. వాళ్ళను వెతికి పట్టుకుని 1,165 మందిని పరీక్షించారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. షుగర్, గుండె జబ్బులకు సంబంధించిన కొన్ని కొలతలు కూడా వాళ్ళలో మెరుగ్గా ఉన్నాయి. 2008లో ఇది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

14 మిల్లీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. దానికోసం పదిహేనేళ్ళ తర్వాత ఇల్లిల్లూ తిరగడం అవసరమా అని అనిపించొచ్చు. కానీ అంగన్‌వాడీలో పెట్టిన ముద్దకు విలువ ఉందని ఒట్టి మాటగా చెప్పడం వేరు, కొలిచి చూపించడం వేరు. ఆ కొలిచే పని నేర్పే చదువే ఈ రిసెర్చ్ మాస్టర్స్.

మరి ఆ రెండేళ్ళలో ఏం చేస్తారు? చెల్లె ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి కొన్ని నెలలు చదవడం. ఇదే ప్రశ్నను బీహార్‌లో, బంగ్లాదేశ్‌లో, ఆఫ్రికాలో ఎవరు అడిగారు, వాళ్ళకేం దొరికింది? తర్వాత ప్రశ్నను కుదించాలి. "రక్తహీనత ఎందుకు తగ్గట్లేదు" అనేది చాలా పెద్దది, ఎవరి వల్లా కాదు. "ఈ రెండు పీహెచ్‌సీల పరిధిలో, ఐదో నెల దాటిన గర్భిణీల్లో, ఇచ్చిన గోలీల్లో ఎన్ని మింగుతున్నారు, మానేసేవాళ్ళు ఏ కారణాలు చెప్తున్నారు" అంటే చేయగలం. తర్వాత ఎంతమందిని అడిగితే సరిపోతుందో లెక్కగట్టాలి. ఎట్లా అడగాలో రాసుకోవాలి. "గోలీలు వేసుకుంటున్నారా అమ్మా?" అంటే అందరూ వేసుకుంటున్నమనే అంటరు, ముందు నిలబడ్డది నర్సమ్మ కదా. అందుకే మిగిలిన గోలీలు లెక్కపెట్టాలి. దీని తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతి. తర్వాత ఫీల్డ్. తర్వాత ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషణ. చివరికి థీసిస్.

బీటెక్ వాళ్ళూ, విశ్లేషణ అనగానే మన కళ్ళు మెరుస్తాయి, తెలుసు. డేటా క్లీనింగ్, కోడింగ్ మనకొచ్చు, అది నిజంగా పనికొస్తుంది. కానీ ఒక్క జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ గడి కనిపిస్తే సగటు వేసి నింపేస్తాం. ఇక్కడ ఖాళీ గడి అంటే, ఆ రోజు కూలికి పోయి ఇంట్లో దొరకని మనిషి. గోలీలు వేసుకోనిది కూడా ఆమే కావచ్చు. అందుకే గడి ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోకుండా దాన్ని ముట్టుకోవద్దు.

ఎథిక్స్ కమిటీ అన్నాను కదా, దాని మీద కాసేపు ఆగుదాం. చాలామంది ఇదొక సంతకాల తలనొప్పి అనుకుంటారు. మా జిల్లాకు పక్కనే ఖమ్మం జిల్లా. 2009లో అక్కడ పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశాయి. దాదాపు 14 వేల మందికి. అందులో గిరిజన హాస్టల్ పిల్లలు కూడా ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో దాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకోవడంలో ఆ టీకా మంచిదే, ఆ విషయంలో భయపడకండి. కానీ తప్పు ఎక్కడ బయటపడిందంటే, చాలా అనుమతి పత్రాల మీద సంతకం పెట్టింది అమ్మానాన్న కాదు, హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

మంచి టీకాయే అయినా, అడగకుండా వేస్తే జనం నమ్మకం పోతుంది. ఆ పోయిన నమ్మకం తర్వాత వచ్చే ఏఎన్ఎం మీద, ఆశా మీద పడుతుంది. రేపు మీరు ఫీల్డ్‌కి పోయి ఒక అవ్వ వేలిముద్ర తీసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, "వద్దు బిడ్డా" అంటే లేచి వచ్చేయాలి.

ఇదే లెక్కలో ఇంకొకటి. అమీర్‌పేటలో బీటెక్ ప్రాజెక్టులు ఎట్లా అమ్ముతారో మనకు తెలుసు. థీసిస్‌లు కూడా రాసిచ్చే షాపులున్నాయి. కాలేజీ ప్రాజెక్టు కొంటే మోసపోయేది నువ్వొక్కడివే. హెల్త్‌లో లేని డేటా సృష్టిస్తే, దాన్ని నమ్మి ఎక్కడో ఒక డాక్టరు ఒక మనిషికి మందు రాస్తాడు.

ఇప్పుడు అందరూ అడిగేది, ఎక్కడ చదవాలి, పైసలెన్ని?

మన దగ్గర నుంచి మొదలుపెడదాం. ఎన్ఐఎన్‌లో అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీలు ఉన్నాయి, ప్రవేశ పరీక్ష ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ హైదరాబాద్‌లో కూడా ఎంపీహెచ్ ఉంది. కొంచెం దూరం పోగలిగితే తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ, అక్కడ 1990ల నుంచీ ఎంపీహెచ్ నడుస్తోంది. చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ళ ఎపిడెమియాలజీ సంస్థ. బీటెక్ వాళ్ళకి ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉంది. ఎవరికి ఏ డిగ్రీ ఉంటే సీటిస్తారో ఒక్కో చోట ఒక్కో తీరు. ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే పూర్తిగా చదవండి, నా వీడియో మీద ఆధారపడి అప్లై చేయొద్దు.

పైసల సంగతి. గేట్ రాసి ఐఐటీల్లో ఎంటెక్‌లో చేరినవాళ్ళకి, జీప్యాట్ రాసి గుర్తింపు ఉన్న కాలేజీల్లో ఎంఫార్మసీ చేరినవాళ్ళకి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. మాస్టర్స్ తర్వాత జేఆర్ఎఫ్ కొట్టి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చకండి, ఏడుపొస్తుంది. మాస్టర్స్ తర్వాత దొరికే ఉద్యోగాలు కూడా మొదట్లో ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది, ఇంకొకటి వెతుక్కోవాలి. ఇది దాచిపెట్టి "స్కోప్ బాగుంది" అని చెప్పడం నాతో కాదు.

అమెరికా అనుకునేవాళ్ళకి ఒక్క ముక్క. అక్కడ చదువయ్యాక పనిచేసుకోవడానికి ఓపీటీ 12 నెలలు ఉంటుంది. స్టెమ్ కోర్సయితే ఇంకో 24 నెలలు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ స్టెమ్ లిస్టులో ఉన్నాయి, మామూలు పబ్లిక్ హెల్త్ కోడ్ లేదు. కోర్సు పేరు చూసి మోసపోకండి, ఏ కోడ్ కింద ఐ-20 ఇస్తారో యూనివర్సిటీనే రాతపూర్వకంగా అడగండి. రూల్స్ మారుతుంటాయి, అప్లై చేసే రోజున మళ్ళీ చూసుకోండి. కెనడాలో థీసిస్ మాస్టర్స్ అయితే చాలా చోట్ల ముందు గైడ్ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే సీటు. మన పిల్లలు దీన్ని అడ్డంకి అనుకుంటారు. నన్నడిగితే అదే మనకు రక్షణ. ఒక్క ప్రొఫెసర్ కూడా మన ప్రశ్న మీద ఆసక్తి చూపించకపోతే, డబ్బు కట్టకముందే సంగతి తెలిసిపోతుంది.

గైడ్‌కి మెయిల్ ఎట్లా రాయాలి? "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని వందమందికి ఒకటే మెయిల్ పంపొద్దు. ఆయన రాసిన పేపర్లు రెండు నిజంగా చదవండి. నాలుగు వాక్యాలు చాలు. నేను ఎవరు, ఏ ప్రశ్న నన్ను పట్టుకుంది, మీ ఫలానా పేపర్లో ఫలానా విషయం దానికి ఎట్లా దగ్గరగా ఉంది, మీ దగ్గర చోటుందా. అంతే. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి. చేరేముందు ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో మాట్లాడండి. టైముకు థీసిస్ చూస్తారా, పేపర్లో స్టూడెంట్ పేరు ముందు పెడతారా అని అడగండి. పెళ్ళి సంబంధానికి ఊళ్ళో వాకబు చేస్తాం కదా, ఇది కూడా అట్లాంటిదే.

కన్సల్టెన్సీ వాళ్ళు వస్తే మూడు ప్రశ్నలు. నా గైడ్ పేరేంటి? కోర్సులో రిసెర్చ్ ఎంత, క్లాసులు ఎంత, యూనివర్సిటీ వెబ్‌సైట్లో చూపించండి. థీసిస్ ఫెయిలయితే ఫీజు, వీసా ఏమవుతాయి? వీటికి జవాబు చెప్పకుండా "సీట్లు అయిపోతున్నయి, అడ్వాన్స్ కట్టండి" అంటే ఛాయ్ పోసి పంపించేయండి.

చెల్లె సంగతి ఏమైందంటే, ఎకరం అమ్మలేదు. అట్లాగని ఇంట్లో కూడా కూర్చోలేదు. రిసెర్చ్ సంస్థల్లో ప్రాజెక్టు స్టాఫ్ కోసం ఇంటర్వ్యూ నోటిఫికేషన్లు పడుతుంటాయి. ఐసీఎంఆర్ సంస్థల్లో అయితే ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ అని పేరు ఉంటుంది. అట్లాంటి ఒక ప్రాజెక్టులో ఇప్పుడు ఊర్లు తిరుగుతున్నది. ఎండలో తిరగడం, తాళం వేసిన ఇంటికి మూడుసార్లు పోవడం, సాయంత్రం ట్యాబ్‌లో డేటా ఎక్కించడం. బాబాయ్‌కి ఇంకా పూర్తిగా నచ్చలేదు. "నర్సింగ్ చదివి సర్వేలు చేసుడేంది" అంటడు. మొన్న ఆమే ఆయనతో అన్నది, "నాయినా, ఒక్క ఏడాది ఆగు. ఈ పని నాకు పడకపోతే దవాఖాన్ల ఉద్యోగం చేస్త. పడితే మాస్టర్స్ చేస్త. రెండిట్లకు ఎకరం అమ్మే పని లేదు." బాబాయ్ ఏం అనలేదు. మా బాబాయ్ ఏం అనలేదంటే సగం ఒప్పుకున్నట్టే.

నాకైతే ఈ దారి చాలామందికి సరిపోతుందనిపిస్తుంది. మాస్టర్స్‌కి ముందు ఒక ఏడాది రిసెర్చ్ పని జీతానికి చేసి చూడటం. ఆ పని మీకు పడుతుందో లేదో తెలుస్తుంది, రికమెండేషన్ లెటర్ నిజంగా మిమ్మల్ని చూసినవాళ్ళు ఇస్తారు, మీ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది.

మా ఊళ్ళోనే చూస్తే ప్రశ్నలకు కరువు లేదు. మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీల ఊపిరితిత్తులు పదేళ్ళకు ఎట్లుంటాయి? మందు కొట్టే కూలీలు చేతులకు గ్లౌజులు ఎందుకు వేసుకోరు, కొనలేకనా, వేసుకుంటే పని సాగకనా? తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే అని అదే సర్వేలో ఉంది, మా మండలంలో ఆ నిర్ణయం ఇంట్లో ఎవరు తీసుకుంటున్నారు? మహబూబాబాద్‌కి 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. వరంగల్లో కాళోజీ పేరు మీద హెల్త్ యూనివర్సిటీయే ఉంది. సంస్థలు దగ్గరికి వచ్చాయి. ఈ ప్రశ్నలు తెలిసినవాళ్ళు మనమే.

సో, ఈ వారం ఒక పని చేయండి. ఒక కాగితం మీద మీ ప్రశ్న తెలుగులోనే రాయండి, మూడు వాక్యాల్లో. మీ ఊరి ఆశా అక్కకో, ఏఎన్ఎం మేడంకో చదివి వినిపించండి. ఆమె "అవును, ఇది నాకు కూడా తెలుసుకోవాలని ఉంది" అంటే ఆ కాగితం దాచుకోండి, అప్లికేషన్లు తర్వాత చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో గేట్, జీప్యాట్, సీయూఈటీ పీజీ తేదీలు, హెల్త్ కోర్సులకు ఏది ఎక్కడ పనికొస్తుందో మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి. జాగ్రత్త, ఐరన్ గోలీ వేసుకునేవాళ్ళు ఛాయ్‌తో మాత్రం వేసుకోకండి.